మలబద్ధకం లేకపోయినా లాక్టులోజ్ ఎందుకు? పేగులకూ కాలేయానికీ ఉన్న సంబంధం ఏమిటి?

కొబ్బరాకు (ప్రశ్న)

నమస్కారం. మా నాన్నగారికి 64 ఏళ్లు. అమలాపురం దగ్గర పల్లెలో అమ్మతో కలిసి ఉంటున్నారు. మద్యం ఎన్నడూ ముట్టలేదు కానీ ఇరవై ఏళ్లుగా మధుమేహం ఉంది. మూడేళ్ల కిందట కాళ్లకు వాపు వస్తే పరీక్షలు చేయించాము. కాలేయం గట్టిపడి సిర్రోసిస్ దశకు చేరిందని తేలింది. మందులతో బాగానే నెట్టుకొస్తున్నారు. కిందటి నెలలో మాత్రం మూడు రోజుల పాటు పగలంతా నిద్రపోయి రాత్రంతా మేలుకుని, అమ్మను మా మేనత్త పేరుతో పిలవడం మొదలుపెట్టారు. దింపు తీసిన కొబ్బరికాయల లెక్కను కాగితం లేకుండా చెప్పగల మనిషి వందలోంచి ఏడు తీసివేయలేకపోయారు. ఆసుపత్రిలో నాలుగు రోజులు ఉంచి, రక్తంలో అమ్మోనియా పెరిగి మెదడు మీద ప్రభావం చూపిందని చెప్పి, లాక్టులోజ్ సిరప్ రోజుకు మూడుసార్లు, రిఫాక్సిమిన్ మాత్ర రెండుసార్లు రాసి పంపించారు.

ఇంటికి వచ్చిన వారానికే ఆయన సిరప్ మానేశారు. "నాకు విరేచనం సాఫీగానే అవుతోంది, జబ్బు కాలేయానిదైతే మందు పేగులకు దేనికి?" అని అడుగుతున్నారు. నిజం చెప్పాలంటే నాకూ సమాధానం తెలియదు. పైగా బంధువులు వచ్చి పప్పు, గుడ్డు, చేప అన్నీ మానిపించి, జావ మీద ఉంచారు.

నా సంగతి కూడా ఒకటి ఉంది. నాకు 38 ఏళ్లు, హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఈ మధ్య కంపెనీ ఆరోగ్య పరీక్షల్లో ఫ్యాటీ లివర్ గ్రేడ్ 2 అని వచ్చింది. అప్పటి నుంచి ఫోను తెరిస్తే చాలు, పేగులను బాగుచేస్తే కాలేయం దానంతటదే బాగవుతుందంటూ ప్రోబయోటిక్ పొడుల ప్రకటనలు కనిపిస్తున్నాయి. ఇందులో ఎంత నిజం ఉందో తెలిసినవారు వివరించగలరు.

పాత వార్డు డాక్టరు

ముందుగా అత్యవసరమైన మాట. మీ నాన్నగారి వైద్యుడికి ఈ రోజే ఫోను చేసి, సిరప్ మానేశారని చెప్పి, తిరిగి ఏ మోతాదుతో మొదలుపెట్టాలో అడగండి. ఒకసారి అలా మతి తప్పిన వారికి మందు ఆపితే మళ్లీ అదే స్థితి రావడానికి ఎక్కువ కాలం పట్టదు. తక్కినది తీరిగ్గా చదవండి.

మీ నాన్నగారు అడిగిన ప్రశ్న చాలా మంచిది, దానికి జవాబు శరీర నిర్మాణంలోనే ఉంది. తక్కిన అవయవాల్లో చాలావాటికి ధమనుల ద్వారా శుద్ధ రక్తమే అందుతుంది. కాలేయానికి వచ్చే రక్తంలో మాత్రం దాదాపు ముప్పాతిక వంతు పేగుల నుంచి, ప్లీహం నుంచి పోర్టల్ సిర మోసుకొచ్చే రక్తమే. అంటే మనం తిన్నదీ తాగినదీ, పేగుల్లో కాపురముండే కోటానుకోట్ల సూక్ష్మజీవులు తయారుచేసినదీ, వాటి చచ్చిన కణాల ముక్కలూ, పేగు గోడ దాటి వచ్చినదేదైనా సరే, శరీరంలోని ఇతర భాగాలను చూడకముందే కాలేయం గుమ్మం తొక్కవలసిందే. అక్కడ కుప్ఫర్ కణాలనే కావలివారు కూర్చుని, అలా వచ్చిన సూక్ష్మజీవులను, వాటి విషాలను పట్టి మింగేస్తూ ఉంటారు. రాకపోకలు రెండు వైపులా ఉన్నాయి: కాలేయం కొలెస్టరాల్ నుంచి పిత్త ఆమ్లాలను తయారుచేసి పేగులోకి వదులుతుంది, అవి కొవ్వును జీర్ణం చేయడమే కాకుండా అక్కడి సూక్ష్మజీవులను అదుపులో ఉంచుతాయి, ఆ సూక్ష్మజీవులేమో వాటి రూపాన్ని మార్చేస్తాయి, ఆ తర్వాత చిన్నపేగు చివరి భాగం అందులో 95 శాతం దాకా తిరిగి పీల్చుకుని మళ్లీ కాలేయానికే పంపుతుంది.

అమ్మోనియా సంగతికి వస్తే, మాంసకృత్తులు విడిపోయేటప్పుడు పేగుల్లో అది పుడుతుంది. కొంత సూక్ష్మజీవుల వల్ల, కొంత పేగు కణాల వల్లనే. ఆరోగ్యంగా ఉన్న కాలేయం దానిని యూరియాగా మార్చి మూత్రంలోకి పంపిస్తుంది. సిర్రోసిస్‌లో రెండు నష్టాలు ఒకేసారి జరుగుతాయి. మార్చే కణాలు తగ్గిపోతాయి. గట్టిపడిన కాలేయంలోంచి దారి దొరకక రక్తం పక్కదారులు పట్టి, వడపోత లేకుండానే నేరుగా గుండెకూ, అక్కడి నుంచి మెదడుకూ చేరుతుంది. ఈ పక్కదారి ఎంత ప్రమాదమో తెలిసి నూరేళ్లు దాటింది. గంట మోగిస్తే లాలాజలం కార్చే కుక్కల ప్రయోగంతో మనందరికీ తెలిసిన పావ్లోవ్, అంతకు ముందే, 1893లో, నెన్‌స్కీ తదితరులతో కలిసి మరో ప్రయోగం ప్రచురించాడు. కుక్కల్లో పోర్టల్ సిరను కాలేయానికి కాకుండా పక్కనున్న పెద్ద సిరకు కలిపి కుట్టారు. ఆ కుక్కలు మాంసం తిన్న తర్వాత తూలిపోయి, చూపు మందగించి, మూర్ఛలు వచ్చి స్పృహ కోల్పోయాయి. మీ నాన్నగారికి జరిగినది దానికి దూరపు చుట్టమే.

లాక్టులోజ్ ఒక చక్కెర. దానిని జీర్ణం చేసే ఎంజైమ్ మనిషి చిన్నపేగులో లేదు కాబట్టి అది యథాతథంగా పెద్దపేగుకు చేరి, అక్కడి సూక్ష్మజీవులకు ఆహారమవుతుంది. అవి దానిని పులియబెట్టి ఆమ్లాలుగా మారుస్తాయి. పెద్దపేగులో పులుపు పెరిగితే అమ్మోనియా వాయురూపం వదిలి అమ్మోనియం అయానుగా మారుతుంది, ఆ రూపంలో అది గోడ దాటి రక్తంలోకి పోలేదు, మలంతో పాటు బయటికి వెళ్లిపోతుంది. కాబట్టి అది విరేచనాల మందే అయినా ఇక్కడ విరేచనం కోసం ఇస్తున్నది కాదు. రోజుకు రెండు మూడు సార్లు మెత్తగా అయ్యేలా చూసుకోమనడం కూడా మోతాదు సరిపోయిందో లేదో కొలుచుకోవడానికే. ఢిల్లీలోని జి.బి. పంత్ ఆసుపత్రి వైద్యులు 2009లో ప్రచురించిన అధ్యయనంలో, ఒకసారి ఇలా మతి తప్పి కోలుకున్న వారిలో లాక్టులోజ్ వాడినవారికి దాదాపు 20 శాతం మందికి తిరగబెడితే, వాడనివారికి 47 శాతం మందికి తిరగబెట్టింది. రిఫాక్సిమిన్ పేగుల్లోనే ఉండి పనిచేసే యాంటీబయాటిక్, రక్తంలోకి దాదాపుగా చేరదు. 2010లో 299 మందిపై ఆరు నెలల పాటు జరిగిన పరీక్షలో ఆ మాత్ర వేసుకున్న వారిలో 22 శాతం మందికి, ఉత్తుత్తి మాత్ర వేసుకున్న వారిలో 46 శాతం మందికి తిరిగి వచ్చింది. ఆ రెండు వర్గాల్లోనూ తొంభై శాతానికి పైగా లాక్టులోజ్ కూడా వాడుతున్నవారే. అందువల్ల మీ నాన్నగారికి రెండూ కలిపి రాయడంలో అర్థముంది.

ఇక పప్పు మానిపించడం. ఇది పాత తరం వైద్యులు కూడా చెప్పిన మాటే కాబట్టి బంధువులను తప్పుపట్టలేము, కానీ ఇప్పుడు దానిని పూర్తిగా వదిలేశారు. కాలేయం చేయలేకపోతున్న అమ్మోనియా శుద్ధిలో కొంత భాగాన్ని కండరాలు నెత్తిన వేసుకుంటాయి. మాంసకృత్తులు ఆపితే కండ కరిగిపోతుంది, కండ కరిగితే అమ్మోనియా మరింత పెరుగుతుంది. నేటి మార్గదర్శకాల ప్రకారం శరీర బరువులో కిలోకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాముల మాంసకృత్తులు కావాలి, అంటే అరవై కిలోల మనిషికి 72 నుంచి 90 గ్రాములు. జావతో అది ఎన్నటికీ రాదు. పెరుగు, పాలు, పెసరపప్పు, శనగలు బాగా పడతాయి. గుడ్డు, చేప మానవలసిన పని లేదు. కాళ్ల వాపు ఉంది కనుక ఉప్పు మాత్రం తగ్గించాలి, పచ్చళ్లు, ఎండుచేపలు పక్కన పెట్టాలి. పడుకునే ముందు ఏదో ఒకటి తినిపించడం మరువవద్దు, ఎందుకంటే సిర్రోసిస్ ఉన్నవారికి ఒక రాత్రి ఉపవాసం ఆరోగ్యవంతుడు రెండు మూడు రోజులు పస్తున్న దానితో సమానం.

రామకోటి పుస్తకం

మా అమ్మగారికి ఐదేళ్ల పాటు ఈ సిరప్ పట్టించిన అనుభవంతో రాస్తున్నాను. డాక్టరు గారు చెప్పినది ఇంట్లో ఆచరణలోకి వచ్చేసరికి కొన్ని చిక్కులు ఉంటాయి.

మొదటిది రుచి. మరీ తియ్యగా, జిగురుగా ఉంటుంది. మేము చల్లటి నీళ్లలో నిమ్మరసం పిండి అందులో కలిపి ఇచ్చేవాళ్లము. మొదటి వారం కడుపు ఉబ్బరం, గాలి ఎక్కువగా ఉండేవి, ఆ సంకోచంతోనే ఆమె పెళ్లిళ్లకు వెళ్లడం మానుకున్నారు. చాలామంది మందు మానేయడానికి అసలు కారణం అదేనని నా అనుమానం. మీ నాన్నగారిని మగవారెవరైనా ఒంటరిగా, మెల్లగా అడిగి చూడండి. ప్రయాణం ఉన్న రోజున వేళలు ఎలా మార్చుకోవచ్చో మా వైద్యుడు చెప్పిన తర్వాత ఆమె మళ్లీ నాలుగు చోట్లకు వెళ్లగలిగారు.

రెండవది లెక్క. రోజుకు ఎన్నిసార్లు అయిందో అడగడానికి మొహమాటపడకూడదు. ఒకసారి ఏడెనిమిది సార్లు నీళ్ల విరేచనాలు అయినా, మందు మానకూడదనే పట్టుదలతో అదే మోతాదు ఇచ్చాను. ఒంట్లో నీరు, పొటాషియం పడిపోయి, ఏ స్థితి రాకూడదని ఆ సిరప్ ఇచ్చానో సరిగ్గా అదే స్థితి వచ్చి ఆసుపత్రికి పరుగెత్తవలసి వచ్చింది. ఎక్కువైనా తక్కువైనా ముప్పే.

మూడవది, ముందుగా కనిపెట్టడం. మా అమ్మగారు రోజూ ఉదయం రామకోటి రాసేవారు. పేర్లు మరిచిపోవడానికి, తడబడటానికి ఒక రోజో రెండు రోజులో ముందే ఆ రాతలో తేడా వచ్చేది: వరుస కిందికి జారేది, అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కేవి, ఒక్కోసారి సున్నా పెట్టడం మరిచిపోయేవారు. ఈ మాట వైద్యుడికి చెబితే, రోజూ సంతకం చేయించి చూడటం తాము కూడా చెప్పే పద్ధతేనన్నారు. మీ నాన్నగారి చేత కాయల లెక్కల పుస్తకం రాయించండి, అంతకన్నా మంచి పరీక్ష ఉండదు. చేతులు చాచి పెట్టమన్నప్పుడు మణికట్టు దగ్గర రెక్కల్లా కొట్టుకుంటున్నా, నిద్ర వేళలు తారుమారైనా ఆలస్యం చేయవద్దు.

నిద్ర పట్టడం లేదని మందుల షాపులో అడిగి నిద్రమాత్ర మాత్రం ఎవరినీ తేనివ్వకండి. మాకు రెండవసారి వచ్చిన ఆపద దాని వల్లనే.

ప్రకృతి బాట

రసాయనాలతో పేగులను కడిగేకంటే మూలాన్ని సరిచేయడం మంచిదని నా అభిప్రాయం. నేల ఉసిరి రసం కామెర్లకు ఎన్ని తరాలుగా వాడుతున్నామో అందరికీ తెలుసు. ఉదయాన్నే పరగడుపున తిప్పతీగ కషాయం, ఆ తర్వాత రాత్రి నీళ్లు పోసి ఉంచిన చద్దన్నంలో పెరుగు, ఉల్లిపాయ కలుపుకుని తింటే పేగుల్లో మేలుచేసే సూక్ష్మజీవులు పెరిగి కాలేయం శుభ్రపడుతుంది. తండ్రీకొడుకులిద్దరికీ ఇది పనిచేస్తుంది.

పాత వార్డు డాక్టరు

ప్రకృతి బాట గారు సదుద్దేశంతోనే రాశారు, కానీ మూడింటినీ ఒక గాటన కట్టకూడదు.

నేల ఉసిరి మీద శాస్త్రీయ ఆసక్తి లేకపోలేదు. 1988లో మద్రాసు పరిశోధకులు హెపటైటిస్ బి వైరస్ ఉన్నవారికి ఆ మొక్క పొడి ఇస్తే 59 శాతం మందిలో, వైరస్ ఒంట్లో ఉందని చూపే ఉపరితల యాంటిజెన్ రక్తంలోంచి మాయమైందని ప్రఖ్యాత వైద్య పత్రికలో ప్రచురించారు. ప్రపంచమంతా ఉత్సాహపడింది. తర్వాత ఇతరులు చేసిన పరీక్షల్లో ఆ ఫలితం నిలబడలేదు. ఇక కామెర్లకు పసరు పనిచేస్తుందనే నమ్మకానికి పెద్ద కారణం, మన ఊళ్లలో కలుషిత నీటి వల్ల వచ్చే హెపటైటిస్ ఎ, ఇ రకాల కామెర్లు చాలామందిలో కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గిపోవడం. తిప్పతీగ విషయంలో నేను ఇంకా గట్టిగా చెప్పవలసి ఉంది. కోవిడ్ కాలంలో దానిని విరివిగా వాడిన తర్వాత కాలేయం దెబ్బతిన్న 43 మంది వివరాలను దేశంలోని 13 కేంద్రాల వైద్యులు కలిసి 2022లో ప్రచురించారు. వారిలో అప్పటికే కాలేయ జబ్బు ఉన్నవారూ ఉన్నారు. సిర్రోసిస్ ఉన్న మనిషికి ఆ కషాయం పోయవద్దు.

చద్దన్నం మంచి భోజనమే, నేనూ తింటాను. ఆరోగ్యవంతుడికి, శుభ్రంగా చేసుకున్నప్పుడు ఏ అభ్యంతరమూ లేదు. సిర్రోసిస్‌లో మాత్రం పేగు గోడ బలహీనపడి సూక్ష్మజీవులు లోపలికి జారుతుంటాయి; కడుపులో నీరు చేరినవారికి ఆ నీటిలోనే ఇన్‌ఫెక్షన్ రావడం మనం తరచుగా చూసే ప్రమాదం, దానికి కారణమయ్యే ఇ. కోలై, క్లెబ్సియెల్లా వంటివి బయటి నుంచి కాదు, సొంత పేగుల నుంచే వస్తాయి. అటువంటివారికి బయట వెచ్చటి చోట రాత్రంతా నిలవ ఉన్న అన్నం కంటే అప్పటికప్పుడు వండినది, ఇంట్లో తోడుపెట్టిన తాజా పెరుగు మేలు.

ఇప్పుడు కొబ్బరాకు గారి సొంత ప్రశ్న. ఫ్యాటీ లివర్‌లో పేగుల పాత్ర ఉందా అంటే ఉంది, దానికి పాత సాక్ష్యమే ఒకటి చెబుతాను. 1960లు, 70లలో ఊబకాయానికి చిన్నపేగులో చాలా భాగాన్ని దాటవేసే శస్త్రచికిత్స ఒకటి చేసేవారు. బరువు తగ్గింది కానీ కొందరికి కాలేయంలో కొవ్వు, వాపు తీవ్రంగా పెరిగి ప్రాణాల మీదికి వచ్చింది. దాటవేసిన పేగులో సూక్ష్మజీవులు మితిమీరి పెరగడమే కారణమని అనుమానించి మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ ఇస్తే, 1982 నాటి నివేదిక ప్రకారం, ఆ కొవ్వు తగ్గింది. ఇటీవల, 2019లో, చైనా పరిశోధకులు మద్యం ముట్టని ఫ్యాటీ లివర్ రోగుల్లో చాలామంది పేగుల్లో చక్కెర నుంచి ఆల్కహాల్ తయారుచేసే క్లెబ్సియెల్లా రకాలను కనుగొన్నారు. మీ నాన్నగారిలాగా చుక్క ముట్టనివారి కాలేయం తాగుబోతు కాలేయంలా కనిపించడానికి ఇది ఒక వివరణ కావచ్చు. అందరికీ ఇదే కారణమని మాత్రం అనుకోకండి. మధుమేహం, పొట్ట చుట్టూ కొవ్వు, పుట్టుకతో వచ్చిన జన్యువులు అంతకంటే బలమైన కారణాలు.

పాత్ర ఉండటం వేరు, దానిని పొడితో సరిచేయగలగడం వేరు. ప్రకటనలు ఈ రెండింటి మధ్య ఉన్న గోతిని కనపడకుండా కప్పేస్తాయి. ప్రోబయోటిక్‌లతో కాలేయ ఎంజైములు కొద్దిగా తగ్గినట్లు చిన్న చిన్న అధ్యయనాలు ఉన్నాయి, కానీ ఒక్కొక్కరు ఒక్కొక్క సూక్ష్మజీవిని, ఒక్కొక్క మోతాదులో వాడారు; మచ్చ కట్టిన కాలేయాన్ని తిరగదోడగలిగినట్లు నమ్మదగిన రుజువు లేదు. డబ్బా మీద "గట్ హెల్త్" అని రాసి ఉన్నంత మాత్రాన అందులో ఉన్నది ఆ అధ్యయనాల్లో వాడినదేనని కూడా అనుకోలేము. మలాన్ని పరీక్షించి మీ పేగులకు మార్కులు వేసే కిట్లు కూడా అమ్ముతున్నారు. ఫ్యాటీ లివర్ వైద్యంలో వాటి వల్ల మారేది ఏమీ లేదు. ఆరోగ్యవంతుల మలంలోని సూక్ష్మజీవులను రోగి పేగుల్లోకి ఎక్కించే చికిత్స నిజంగా ఆశ కలిగిస్తోంది. ఢిల్లీలోని కాలేయ, పైత్యరస శాస్త్రాల సంస్థ 2017లో, స్టెరాయిడ్లు పనికిరాని తీవ్రమైన మద్యపు హెపటైటిస్ ఉన్న ఎనిమిది మందికి ఇస్తే ఏడుగురు ఏడాది తర్వాత జీవించి ఉన్నారు. కానీ ఎనిమిది మంది సంఖ్య ఎంత చిన్నదో మీకు వేరే చెప్పనవసరం లేదు.

మీకు పనిచేసేది బరువు. శరీర బరువులో 5 శాతం తగ్గితే కాలేయంలో కొవ్వు తగ్గుతుంది, 7 నుంచి 10 శాతం తగ్గితే వాపు కూడా చాలామందిలో తగ్గుతుంది, 10 శాతం దాటితే మచ్చ కూడా వెనక్కి తగ్గే అవకాశం ఉంది. హైదరాబాదు ఐటీ ఉద్యోగులు 345 మందిని పరీక్షించి, 2025లో ప్రచురించిన అధ్యయనంలో 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు చేరినట్లు తేలింది. కాబట్టి మీ ఆఫీసులో మీరు ఒంటరివారు కారు. స్కానింగులోని గ్రేడ్ 2 కొవ్వు ఎంతో చెబుతుంది కానీ మచ్చ ఎంతో చెప్పదు. మీ వయసు, ప్లేట్‌లెట్లు, రెండు కాలేయ ఎంజైములతో లెక్కించే ఫిబ్-4 అనే అంకె 1.3 కంటే తక్కువ ఉంటే ప్రస్తుతానికి నిశ్చింతగా ఉండవచ్చు, ఎక్కువైతే కాలేయం ఎంత గట్టిపడిందో కొలిచే ఫైబ్రోస్కాన్ చేయించాలి. తండ్రికి సిర్రోసిస్ ఉంది కాబట్టి, చక్కెర పరీక్షతో పాటు ఇది మీకు తప్పనిసరి. పేగుల మీదే మమకారముంటే పొడి కొనే డబ్బుతో ఆకుకూరలు, చిక్కుళ్లు, పొట్టు తీయని పప్పులు కొనండి; ఆ సూక్ష్మజీవులకు కావలసిన పీచు అక్కడే ఉంది.

కొబ్బరాకు

అందరికీ కృతజ్ఞతలు. వైద్యుడితో మాట్లాడి ఆదివారం నుంచి సిరప్ తిరిగి మొదలుపెట్టించాము. రామకోటి పుస్తకం గారు ఊహించినదే నిజమైంది: కొబ్బరి సంఘం సమావేశంలో కడుపులో శబ్దాలు వచ్చి నలుగురూ నవ్వారట, ఆ రోజు నుంచే మానేశారు. ఇప్పుడు సమావేశం ఉన్న రోజు ఉదయపు మోతాదును ఎన్ని గంటలకు జరపాలో వైద్యుడే చెప్పారు. పెసరపప్పు, పెరుగు మళ్లీ కంచంలోకి వచ్చాయి. నా ఫిబ్-4 లెక్క 0.9 వచ్చింది.

ఒక చిన్న సందేహం మిగిలింది. నాన్నగారు పదేళ్లుగా రోజూ ఉదయం గ్యాస్ మాత్ర వేసుకుంటున్నారు. ఎవరు రాశారో కూడా గుర్తులేదు. దానికీ దీనికీ సంబంధముందా?

పాత వార్డు డాక్టరు

ఉంది, అడిగి మంచి పని చేశారు. సిర్రోసిస్ రోగుల పేగుల్లో ఉన్న సూక్ష్మజీవులను ఆరోగ్యవంతుల వాటితో పోల్చిన 2014 నాటి చైనా అధ్యయనంలో, రోగుల్లో ఎక్కువగా కనిపించిన రకాల్లో సగానికి పైగా నోటిలో ఉండవలసినవని తేలింది. మామూలుగా నోటి నుంచి దిగినవాటిని జఠరంలోని ఆమ్లమూ, ఆ తర్వాత పిత్తమూ చంపేస్తాయి. సిర్రోసిస్‌లో పిత్తం ఎలాగూ తగ్గుతుంది, ఆమ్లాన్ని మాత్ర ఆపేస్తే రెండు కాపలాలూ పోయినట్లే. ఆ మాత్రలు వాడే సిర్రోసిస్ రోగుల్లో ఇన్‌ఫెక్షన్లు, మతి తప్పడం ఎక్కువగా ఉన్నట్లు పలు అధ్యయనాలు చూపించాయి.

అయితే మీ అంతట మీరు ఆపవద్దు. అన్నవాహికలో ఉబ్బిన సిరలకు బ్యాండ్లు వేసిన తర్వాతనో, పుండు ఉన్నదనో రాసి ఉంటే కొంతకాలం అవసరమే. పాత ఎండోస్కోపీ రిపోర్టు వెతికి పట్టుకుని, వచ్చే నెల చూపించుకునేటప్పుడు ఆ కాగితాన్నీ, ఈ మాత్ర అట్టనూ రెండూ వైద్యుడి ముందు పెట్టండి. ఈలోగా మలం తారులా నల్లగా కనిపిస్తే మాత్రం నెల ఆగవద్దు, ఆ రోజే తీసుకెళ్లండి; పేగుల్లోకి కారిన రక్తం కూడా మాంసకృత్తే, అమ్మోనియాను పెంచడంలో దాని ముందు ఏ పప్పూ నిలవదు.